దాచుకున్న ప్రశ్నలు

ఇంటి బీరువాలో ఒక పుస్తకానికి ఒక్కటే చోటు. సామల సదాశివగారి 'స్వరలయలు' సంగతే చూడండి. హిందుస్తానీ సంగీతాన్నీ, ఆ సంగీత విద్వాంసులనూ గురించిన ఆ వ్యాసాలకు 2011లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. రచయిత ఆదిలాబాదు జిల్లా తెనుగుపల్లెలో జన్మించి, ఆ జిల్లాలోనే బోధనవృత్తిలో జీవితం గడిపినవారు. ఆ పుస్తకాన్ని సంగీత గ్రంథాల సరసన నిలపాలా, వ్యాస సంపుటాల వరుసలో చేర్చాలా, ఆదిలాబాదు రచయితల అరలో ఉంచాలా? మూడూ సమంజసమే. మూడుచోట్లా ఉంచాలంటే మూడు ప్రతులు కొనాలి. అధ్యాపకుని జీతానికి అది మించిన పని.

పాత కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాల జూనియర్ కళాశాలల్లో మూడు దశాబ్దాలకు పైగా తెలుగు బోధించాను. బదిలీ అయిన ప్రతిసారీ నా పుస్తకాలు గోనెసంచుల్లో ప్రయాణం చేసేవి. ఒక ఊరిలో చెదలు, మరొక ఊరిలో పెంకుల సందులనుంచి కారిన వాననీరు వాటిని కొంత కొంత పంచుకున్నాయి. ఉద్యోగ జీవితపు చివరి సంవత్సరాలలో ఇంటికి కంప్యూటరు వచ్చింది. దాని వెంట చెదలు పట్టని పుస్తకాలు వచ్చాయి.

ఆ పుస్తకాలు ఎక్కడివో కొంచెం చెప్పాలి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడై, 1994లో ట్యూరింగ్ పురస్కారం పొందిన రాజ్ రెడ్డిగారు, పది లక్షల గ్రంథాలను కంప్యూటరులోకి ఎక్కించాలన్న ఒక మహా సంకల్పానికి ప్రధాన ప్రేరకులు. మనదేశంలో అది డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాగా రూపుదాల్చింది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ ఆ పనిలో ముఖ్యపాత్ర వహించాయి. గ్రంథాలయాలలో దుమ్ముకొట్టుకుపోతున్న వేలాది తెలుగు పుస్తకాలు పుట పుటగా ఛాయాచిత్రాలయ్యాయి. కొన్నేళ్ల తరువాత ఆ వెబ్‌సైటు అందుబాటులో లేకుండా పోయినా, వాటిలో అనేకం ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి చేరి నేటికీ లభిస్తున్నాయి. కరీంనగర్‌లో కూర్చొని, ఏ నగరంలోని ఏ గ్రంథాలయపు ముద్రో ఉన్న 1920ల నాటి పుస్తకాన్ని చదవగలగడం నా విద్యార్థి దశలో ఊహకైనా అందని భాగ్యం. ఒకటి, పది, వంద అనుకుంటూ దించుకున్నవి ఇప్పుడు మూడువేలు దాటాయి.

మూడువేల పుస్తకాలుండడం వేరు, వాటిలో కావలసినది దొరకడం వేరు.

అందరిలాగే నేనూ మొదట కంప్యూటరులో బీరువానే కట్టుకున్నాను. 'కరీంనగర్ జిల్లా' అని ఒక ఫోల్డరు, 'ఆదిలాబాదు జిల్లా' అని మరొకటి, వాటిలో శతకాలకు, స్థలపురాణాలకు, శాసనాలకు, ఆత్మకథలకు చిన్న చిన్న ఫోల్డర్లు. ఆ ఏర్పాటు కొన్నేళ్లు చక్కగానే సాగింది. 2016 అక్టోబరు 11న తెలంగాణలో కొత్త జిల్లాలు ఏర్పడ్డాయి. కరీంనగర్‌లోంచి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు విడివడ్డాయి. ఆదిలాబాదు నాలుగు జిల్లాలైంది. ధర్మపురి జగిత్యాలకు, వేములవాడ సిరిసిల్లకు, మంథని పెద్దపల్లికి, కాళేశ్వరం భూపాలపల్లికి, బాసర నిర్మల్‌కు వెళ్లాయి. పరిపాలనకు అది సౌకర్యం. నా ఫోల్డర్లకు మాత్రం భూకంపం. ధర్మపురి క్షేత్ర మాహాత్మ్యాన్ని ఇప్పుడు ఎక్కడ ఉంచాలి? పుస్తకం మీద కరీంనగర్ జిల్లా అని ముద్రించి ఉంది, ఊరేమో జగిత్యాల జిల్లాలో ఉంది. ఇంకా పాత గ్రంథాలు తిరగేస్తే కరీంనగర్ జిల్లాయే కనిపించదు, నిజాం పాలనలో దానికి ముందున్న ఎలగందుల పేరు కనిపిస్తుంది. ఆ ఎలగందుల కూడా ఒకచోట ఎలగందల, ఒకచోట ఎల్గందల్. ఆదిలాబాదుకు ఎదులాపురమని మరొక పేరుంది.

ఊళ్లు కదలవు, వాటి పేర్లూ జిల్లాలూ కదులుతాయి. పుస్తకాలు ఏ పేరుతో అచ్చయ్యాయో ఆ పేరుతోనే శాశ్వతంగా ఉండిపోతాయి. ఈ రెండింటికీ మధ్య వంతెన వేయగల ఉపాయం కోసం వెతుకుతున్నప్పుడు నాకు పరిచయమైనది 'సేవ్డ్ సెర్చ్'. తెలుగులో భద్రపరచిన అన్వేషణ అనవచ్చు. నేను మాత్రం దాచుకున్న ప్రశ్న అంటాను.

ఇది కొత్త విద్యేమీ కాదు. ఆపిల్ సంస్థ 2005లో విడుదల చేసిన టైగర్ అనే వ్యవస్థలో దీనిని స్మార్ట్ ఫోల్డర్ అన్నారు. 2007లో సామాన్య వినియోగదారులకు అందిన విండోస్ విస్టాలో సేవ్డ్ సెర్చ్ అన్నారు. మీ ఇంటిలోనో కళాశాలలోనో ఉన్న కంప్యూటరులో ఇప్పటికీ ఈ సదుపాయం ఉంటుంది. వెతుకుపెట్టెలో ఒక మాట వేసి, ఫలితాలు చూసి, పెట్టె మూసివేయడం అందరూ చేసే పని. అలా మూయక, ఆ ప్రశ్నకు ఒక పేరు పెట్టి భద్రపరిస్తే అది చూడడానికి ఫోల్డరులాగే కనిపిస్తుంది. దానిలో పుస్తకాలుండవు, ప్రశ్న మాత్రమే ఉంటుంది. తెరిచిన ప్రతిసారీ కంప్యూటరు ఆ ప్రశ్నను మళ్లీ వేసి, ఆ క్షణంలో దానికి సరిపోయే పుస్తకాలన్నిటినీ వరుసగా చూపుతుంది. నిన్నరాత్రి చేర్చిన పుస్తకం ఈ ఉదయం తనంతట తానే అక్కడ కనబడుతుంది.

ఫోల్డరు ఇల్లయితే, దాచుకున్న ప్రశ్న ఊరిలో వేసే డప్పు చాటింపు. "చెరువుకింద పొలమున్నవాళ్లందరూ రచ్చకట్ట దగ్గరికి రావాలహో" అని చాటితే, ఎవరి ఇంటినుంచి వారు వస్తారు, పని కాగానే ఎవరి ఇంటికి వారు పోతారు. అదే రైతు రేపు నూలుపని చేసేవారిని పిలిచినప్పుడూ రావచ్చు, మగ్గం కూడా ఉంటే. 'స్వరలయలు' నా కంప్యూటరులో ఒకే చోట ఉంది. సంగీతమని చాటినా, వ్యాసాలని చాటినా, ఆదిలాబాదని చాటినా వచ్చి నిలబడుతుంది. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. చాటింపును రద్దు చేస్తే పుస్తకాలకు నష్టం లేదు. ఆ వరుసలో కనిపించిన పుస్తకాన్నే తొలగిస్తే అది తన అసలు ఇంటినుంచే పోతుంది.

ఒక గ్రంథానికి అనేక ముఖాలుంటాయన్న ఆలోచన కంప్యూటర్లకంటె పాతది. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి ఎస్.ఆర్. రంగనాథన్ 1933లో ప్రకటించిన కోలన్ వర్గీకరణకు మూలం అదే. పుస్తకం దేనిని గురించినది, ఏ దేశానికి సంబంధించినది, ఏ కాలానిది అని విడివిడిగా ప్రశ్నించి, ఆ జవాబులను కలిపి ఆయన పుస్తకానికి సంఖ్య కూర్చేవారు. అయితే సంఖ్య ఎంత శాస్త్రీయమైనదైనా చివరికి పుస్తకం ఒక అరలోనే నిలబడాలి. ఆ నిర్బంధం ఇప్పుడు తొలగింది.

నేను వాడుతున్నది క్యాలిబర్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు. భారతదేశంలో పుట్టిన కోవిద్ గోయల్ 2006లో దీని రూపకల్పన ప్రారంభించారు. ఇందులో నాకు నచ్చిన గుణం, ఒక ప్రశ్నను మరొక ప్రశ్నలో ఇమడ్చగలగడం. మొదట 'పాత కరీంనగర్' అని ఒక ప్రశ్న దాచాను. అందులో ఎలగందుల మొదలుకొని రాజన్న సిరిసిల్ల వరకు అన్ని పేర్లనూ, ముఖ్యమైన ఊళ్ల పేర్లనూ 'లేదా' అనే సంబంధంతో కలిపాను. ఆ తరువాత 'పాత కరీంనగర్, శతకాలు', 'పాత కరీంనగర్, శాసనాలు' అని రెండవ వరుస ప్రశ్నలు. రేపు మరొక జిల్లా ఏర్పడినా, ఉన్న జిల్లా పేరు మారినా మొదటి ప్రశ్నలో ఒక్క మాట చేర్చితే చాలు, మిగిలినవన్నీ వాటంతట అవే సరిపడతాయి. నందమూరులో పుట్టిన విశ్వనాథ సత్యనారాయణగారు 1959 నుంచి 1961 వరకు కరీంనగర్ ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉన్నారు. ఫోల్డరు పద్ధతిలో ఆయన కరీంనగర్ ఛాయలకు వచ్చేవారు కారు. ఇప్పుడు ఆయన జీవితచరిత్ర కూడా ఆ వరుసలో కనిపిస్తుంది.

ఇంతవరకు చదివి, ఈ పని చాలా సులభమనుకుంటారేమో. చిక్కంతా అక్షరాల దగ్గరే ఉంది.

మొదటి చిక్కు, స్కాను చేసిన పుట కంప్యూటరుకు అక్షరం కాదు, బొమ్మ. కుర్క్యాల బొమ్మలమ్మ గుట్టమీద క్రీస్తుశకం పదవ శతాబ్దంలో, పంపకవి తమ్ముడు జినవల్లభుడు చెక్కించిన శాసనం ఉంది. అందులో తెలుగు కందపద్యాలున్నాయి. మన భాషా చరిత్రకు అది ఎంత విలువైనదో మీ అధ్యాపకులు చెప్పే ఉంటారు. తెలుగు చదవడం రానివాడు ఆ గుట్ట ఎక్కితే బండమీద గీతలు కనిపిస్తాయి. కంప్యూటరుకు స్కాను పుట అలాంటిదే. పుటలోని బొమ్మను అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్లు తెలుగుకు కూడా వచ్చాయి, ఏటికేడు మెరుగుపడుతున్నాయి. పాత ముద్రణలో ఒత్తులు అరిగిపోయి, వెనుకపుట సిరా ముందుకు దిగిన చోట అవి ఇప్పటికీ తడబడతాయి. కాబట్టి పుస్తకానికి మనం పెట్టే పేరు, దాని గురించి మనం రాసే నాలుగు మాటలు, ఇవే ప్రధాన ఆధారం.

రెండవ చిక్కు ఆ పేర్లే. డిజిటల్ లైబ్రరీ పుస్తకాల పేర్లు ఎక్కువగా రోమన్ లిపిలో నమోదయ్యాయి. దీర్ఘానికి ఒకరు రెండక్షరాలు వేస్తే, మరొకరు ఒక్కటే వేశారు. శకార షకార సకారాలు ఒకటైపోయాయి. రచయిత ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక, ఒకచోట అసలే లేదు. తెలుగు రాని చేతులు కొన్ని, అలసిన చేతులు కొన్ని. వారిని తప్పుపట్టలేం, లక్షల పుస్తకాల పని అది. కాని తప్పు పేరుతో నమోదైన పుస్తకం, గ్రంథాలయంలో తప్పు అరలో దూరిన పుస్తకంలాగే, ఉన్నా లేనట్టే.

మూడవది, యూనికోడ్‌కు ముందు తెలుగు డీటీపీలో విరివిగా వాడిన ఖతులు. అను వంటి ఖతులతో కూర్చిన పుస్తకం తెరమీద అచ్చ తెలుగులో కనిపిస్తుంది. దానిలో తెలుగు మాట వెతికితే ఒక్కటీ దొరకదు. లోపల ఉన్నవి తెలుగు సంకేతాలు కాకపోవడమే అందుకు కారణం.

నాలుగవ చిక్కు మన భాష స్వభావంలోనే ఉంది. నాకు ఇది అన్నిటికంటె ఇష్టమైన చిక్కు. మీరు తరగతిలో సంధులు వల్లెవేస్తూ, వీటితో ఏమి ప్రయోజనమని లోలోపల విసుక్కుంటారు. ఆ ప్రయోజనం నాకు ఈ వెతుకులాటలో ప్రత్యక్షమైంది. 'పుస్తకం' అని వెతికితే 'పుస్తకాలు' దొరకదు, 'పుస్తకమునందు' దొరకదు. 'పుస్తక' అని వెతికితే మూడూ దొరుకుతాయి. 'ధర్మపురి' అని వెతికితే సవర్ణదీర్ఘసంధి జరిగిన 'ధర్మపురీశ్వరుడు' దొరకడు. కంప్యూటరు దృష్టిలో 'రి' ఒకే అక్షరం కాదు, ర అనే హల్లుమీద ఇకారపు గుర్తు. దీర్ఘం రాగానే ఆ గుర్తు మారిపోతుంది. శేషప్పకవి నరసింహ శతకం మీలో ఎందరికో చిన్ననాడే కంఠస్థమై ఉంటుంది. ఆ శతక మకుటంలో ఊరిపేరు ఇకారాంతంగా రాదు, 'ధర్మపుర' అనే రూపంలో సమాసంలో ఒదిగి ఉంటుంది. అంటే 'ధర్మపురి' అని నిక్కచ్చిగా అడిగినవానికి ఆ ఊరికి లోకప్రసిద్ధి తెచ్చిన పద్యాలే దొరకవు! చివరి గుణింతం వదిలి 'ధర్మపుర' అని అడగాలి. అది కూడా పదం మొదట్లోనే కాక, మధ్యలో ఉన్నా పట్టుకోగల సాఫ్ట్‌వేరుతో అడగాలి.

అలా అడిగితే మరొక సంగతి జరుగుతుంది. తమిళనాడులోని ధర్మపురి జిల్లా పుస్తకాలు కూడా పిలవని పేరంటానికి వచ్చినట్లు వచ్చి కూర్చుంటాయి. 'తమిళనాడు కానిది' అన్న షరతు కలపవలసి వచ్చింది. కరీంనగర్‌లో, కరీంనగరులో, కరీమ్‌నగర్‌లో అని మూడువిధాల రాస్తాం. పైగా 'ర్' తరువాత 'లో' విడిగా నిలవడానికి మధ్యన కంటికి కనిపించని ఒక సంకేతం ఉంటుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు దానినీ లెక్కపెట్టి, ఉన్నదానిని లేదంటాయి. ప్రాతిపదిక, విభక్తి, సంధి, సమాసం తెలిసినవాడే తెలుగులో ప్రశ్నను సరిగా అడగగలడు. వ్యాకరణం ఉద్యోగానికి పనికివస్తుందో రాదో నేను చెప్పలేను గాని, పుస్తకం వెతకడానికి పనికివస్తుందని సాక్ష్యం చెప్పగలను.

ఈ శ్రమంతా ఎందుకని మిత్రులు అడుగుతుంటారు. వారికి నేను సురవరం ప్రతాపరెడ్డిగారిని గుర్తుచేస్తాను. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరన్న మాట ఒకటి ఆ రోజుల్లో అచ్చులో వచ్చింది. వాదానికి దిగితే ఒక వ్యాసం రాసి ఊరుకోవచ్చు. ఆయన తన గోలకొండ పత్రిక ఆసరాతో కవులను వారి వివరాలూ పద్యాలూ పంపమని కోరారు. వచ్చినవాటిని కూర్చి 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించారు. అందులో 354 మంది కవులు కొలువుదీరారు. వారెవరూ ఆ ఏడు కొత్తగా పుట్టినవారు కారు, ఎవరి ఊరిలో వారు ఉన్నవారే. అడిగేవాడు లేక కనబడలేదు. డప్పు చాటింపు వేశాక వచ్చారు. మన ప్రాంతపు పుస్తకాలు ఇవాళ కంప్యూటర్లలో లేవని కాదు, ఉన్నాయి. వంకర పేర్ల వెనుక ఉన్నాయి.

నేను ఆదిలాబాదు జిల్లాలో పనిచేసిన కాలంలో నా దగ్గర చదివిన ఒక గోండు అమ్మాయి ఇప్పుడు ఉట్నూరు ప్రాంతంలో ఆశ్రమ పాఠశాల ఉపాధ్యాయిని. ఒకనాడు ఫోను చేసి, "సార్, మావోళ్ల గురించి మీ తాన ఎన్ని పుస్తకాలున్నయి?" అని అడిగింది. "చూసి చెప్తనమ్మా" అన్నాను. 'గోండు' అని వెతికితే వచ్చినవి పదకొండు. ఆ సంఖ్య నాకు నమ్మబుద్ధి కాలేదు. ఇద్దరం కూర్చొని ప్రశ్నను మళ్లీ రాశాం. గోండు, గోండి, గోండ్, గోండ్వానా అన్నిటికీ సరిపోయేలా 'గోండ' అని ఒక షరతు. వారు తమను తాము పిలుచుకొనే కోయతూర్ అనే మాట ఆ పిల్ల చెప్తే చేర్చాను. పర్ధాను, తోటి, కొలాము, నాయకపోడు చేర్చాం. 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగిన వీరుని పేరు కొమురం, కొమరం, కుమురం, కుమ్రం అని నాలుగువిధాల అచ్చయి ఉంది, నాలుగూ చేర్చాం. ఆ తరువాత మార్లవాయిలో ఉండి గోండులను అధ్యయనం చేసిన ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు హైమెన్‌డార్ఫ్ పేరు తెలుగులో ఎన్ని రూపాలు దాల్చిందో చెప్పనలవి కాదు. ఆదిలాబాదు రాజగోండులపై ఆయన గ్రంథం 1948లో లండనులో వెలువడింది. ఆయన భార్య బెట్టీ సమాధి మార్లవాయిలోనే ఉంది. మార్లవాయి ఇప్పుడు ఆదిలాబాదు జిల్లాలో లేదు, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉంది. అందుచేత ఆ జిల్లా పేరూ చేర్చాం.

పదకొండు కాస్తా అరవైనాలుగైంది. అన్నీ నా దగ్గర ఏళ్లుగా ఉన్నవే. ఆ పిల్ల జాబితా అంతా చదివి, "వీటిలో మావోళ్లు రాసినవెన్ని సార్?" అంది. ఆ ప్రశ్నకు షరతు రాయడం సులభం. ఫలితాలు చూడడం కష్టం. మూడు వచ్చాయి. గుంజాల గ్రామంలో బయటపడిన గోండి లిపి రాతప్రతుల గురించి ఆమెకు బాగా తెలుసు. ఆ లిపికి 2018లో యూనికోడ్‌లో స్థానం దక్కింది. అంతకుముందు ఆ రాతలు కంప్యూటరులో బొమ్మలుగానే ఉండగలిగేవి, ఇప్పుడు వాటిని అక్షరాలుగా రాయవచ్చు, వెతకవచ్చు. 'గోండులు రాసినవి' అన్న ఆ ప్రశ్నను ఆమె కంప్యూటరులోనూ నా దానిలోనూ దాచి ఉంచాం. తన పాఠశాల పిల్లలు పెద్దల దగ్గర విని రాసిన కథలను ఆమె ఒక్కొక్కటిగా అందులోకి చేరుస్తున్నది. మొన్నటికి మూడు పందొమ్మిదైంది.

ఇతరులకు పంపేటప్పుడు హక్కుల సంగతి కూడా చూడాలి. మనదేశంలో రచయిత మరణించిన సంవత్సరం గడిచాక మరి 60 ఏళ్లు గ్రంథస్వామ్యం ఉంటుంది. ప్రతాపరెడ్డిగారు 1953లో కీర్తిశేషులయ్యారు కనుక 2014 నుంచి ఆయన రచనలను ఎవరైనా పంచుకోవచ్చు. ప్రతి పుస్తకానికీ రచయిత మరణ సంవత్సరం నమోదు చేస్తాను. ఏటా జనవరి ఒకటవ తేదీన 'స్వేచ్ఛగా పంచదగినవి' అన్న ప్రశ్నలో ఒక అంకె మారుస్తాను. అంతే పని. నకళ్లు రెండు వేరే డిస్కులమీద ఉంచుతాను. చెదలు లేకపోయినా డిస్కులకూ ఆయువు తీరుతుంది.

ఇక నా సొంత ప్రశ్న ఒకటుంది. మా తాతగారు ధర్మపురి స్వామిమీద ఒక శతకం చెప్పి అచ్చు వేయించారట. మా నాయనమ్మ అందులోని పద్యాలు నాలుగైదు పాడేది. ఇంట్లో ఉన్న ఒక్క ప్రతి నేను పుట్టకముందే చెదల పాలైంది. గోలకొండ కవుల సంచికలో ఆయన పేరు లేదు. ఆ సంచిక కోసం అడిగిన సంగతి గోదావరి ఒడ్డున ఉన్న మా ఊరికి తెలిసిందో లేదో! క్యాలిబర్‌లో నేను దాచిన ప్రశ్నల్లో రెండవది ఇదే. మా ఇంటిపేరు నాలుగు వర్ణక్రమాలలో, 'ధర్మపుర', 'శతక' లేదా 'శతి' లేదా 'స్తవ'. తెరిచినప్పుడల్లా ఖాళీగా ఉండేది. ఏ పుస్తకమూ లేని ఆ ప్రశ్నను తీసేయవచ్చు కదా అని మా అబ్బాయి అనేవాడు. ఖాళీగా ఉండడం కూడా ఒక జవాబేనని నేను ఉంచేశాను.

పాత పుస్తకాల వెనుక అట్టమీద ఆ ప్రచురణకర్తలు అమ్మే ఇతర గ్రంథాల పట్టిక, వెలలు ఉంటాయి. సాధారణంగా ఎవరూ చదవరు. తాము చదివిన ప్రతి పుస్తకానికీ ఆ పట్టికను కూడా టైపు చేసి వివరాల గడిలో చేర్చమని నేను నా పూర్వ విద్యార్థులను కోరుతుంటాను. ఉట్నూరు ఉపాధ్యాయిని అలా చేసి పంపిన ఒక పుస్తకం కిందటి వేసవిలో నా గ్రంథాలయంలో చేరింది. అది భజన కీర్తనల పుస్తకం, మా ఊరితో దానికే సంబంధమూ లేదు. మరునాడు ఉదయం అలవాటుగా ఆ ఖాళీ ప్రశ్నను తెరిచాను. ఒకటి అని చూపింది.

భజన పుస్తకమే. దాని వెనుక అట్టమీది పట్టికలో తొమ్మిదవ పంక్తిలో మా ఇంటిపేరు, తాతగారి పేరు, శతకం పేరు ఉన్నాయి. శతకం పేరులో మేము ఇంట్లో ఎన్నడూ వినని ఒక విశేషణం ఉంది. ఎదురుగా, వెల హాలీ రెండణాలు. అడుగున, ప్రతులు దొరకు చోటు అని మంథనిలోని ఒక దుకాణం చిరునామా.

శతకం ఇంకా దొరకలేదు. ఆ విశేషణాన్నీ, మంథనినీ, ఆ దుకాణం పేరునూ ప్రశ్నలో చేర్చాను.